వైఫై 2.4లో ఉంచాలా, 5కి మారాలా?

రూటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫై పేర్లు చూపిస్తే చాలామంది వేగం కోసం 5 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుంటారు. అదే గదిలో ఉంటే సరే. మధ్యలో రెండు గోడలొస్తే మాత్రం సిగ్నల్ నీరసపడుతుంది. అక్కడ 2.4 నయం.

కానీ 2.4లో రద్దీ ఎక్కువ. పక్క ఫ్లాట్ల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ అక్కడే. ఒకదానికొకటి అడ్డురాకుండా వాడుకోగల ఛానళ్లు (సిగ్నల్ నడిచే దారులు) మూడే: 1, 6, 11. ఇంకో తిరకాసుంది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ కూడా ఆ 2.4 బ్యాండులోనే (ఫ్రీక్వెన్సీల పట్టీలోనే) రొద పుట్టిస్తుంది. ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడే నెట్ నత్తనడక నడిచి, వైర్‌లెస్ మౌస్ తడబడుతోందా? డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) జోలికి పోకముందే నెట్‌ని 5కి మార్చి చూడండి. మౌస్‌ని 5కి మార్చలేం కదా, దాని రిసీవర్‌ని ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డిస్కుకి దూరంగా జరపండి.

పాత ల్యాప్‌టాప్‌లో 5 పేరే కనబడలేదంటే, చాలాసార్లు దాని వైఫై కార్డుకి ఆ బ్యాండు లేనట్టే. రెండు బ్యాండులూ పట్టే డ్యూయల్ బ్యాండ్ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న వైఫై పరికరం) కొనుక్కోవడమే.