‘షుగర్ రివర్స్’ ప్యాకేజీ అమ్మేవాళ్లు మీ మాత్రల గురించి అడిగారా? అడక్కపోతే డబ్బు కట్టకండి

మూడు నెలల్లో షుగర్ మాయం, పది కిలోల బరువు తగ్గడం గ్యారంటీ అంటూ ఫోన్‌లో వచ్చే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. అలాంటి ప్యాకేజీ ఒకటి మా నాన్నగారు 14,500 రూపాయలు కట్టి తీసుకున్నారు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కంపెనీ పేరు కంటే ఆ పద్ధతి తెలియడం ముఖ్యం.

డబ్బు కట్టాక ఒక డైట్ చార్టు, రెండు డబ్బాల పొడి, వాట్సాప్‌లో మాట్లాడే ఒక ‘కోచ్’ వచ్చారు. అన్నం, ఇడ్లీ, చపాతీ అన్నీ బంద్. పొద్దున్నే ఏమీ తినకుండా గంట నడక. రాత్రికి సూప్ మాత్రమే. ఎత్తు, బరువు, నడుము కొలత, పుట్టిన తేదీ కూడా అడిగారు. ఏ మాత్రలు వేసుకుంటున్నారని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

నాన్న వేసుకునేది గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. మన దగ్గర లక్షల ఇళ్లలో ఉండే మాత్రే. ఇందులో గ్లిమిపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. పిండి పదార్థం ఒక్కసారిగా మానేసి, పైగా ఖాళీ కడుపుతో గంట నడిస్తే షుగర్ పడిపోక ఏమవుతుంది?

అదే జరిగింది. నడక నుంచి వచ్చి చెప్పులు విప్పబోతూ అరుగు మీదే కూలబడిపోయారు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, అమ్మ ఏదో అడిగితే పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. గ్లూకోమీటర్‌లో చూస్తే 48. డెబ్బై కంటే తగ్గితేనే లో షుగర్ అంటారు. అమ్మ వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది, పావుగంట ఆగి మళ్లీ చూసింది. ఇలాంటప్పుడు స్వీట్లు, చాక్లెట్లు పెట్టకండి. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్లీ పడొచ్చు. అందుకే ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండమని డాక్టరుగారు చెప్పారు, డోసు కూడా మార్చారు.

కోచ్‌కు చెబితే వచ్చిన జవాబు: ‘అది డిటాక్స్ లక్షణం అండి, సర్దుకుంటుంది. పంచదార ఎందుకిచ్చారు?’ మేం గట్టిగా అడిగేసరికి ‘అయితే మాత్రలు మానేయండి’ అన్నారు. ఏ మాత్రో అప్పుడైనా అడగలేదు! ఒక మనిషి ప్రాణం గురించి ఇంత తేలిగ్గా ఎలా మాట్లాడగలిగారో తలుచుకుంటే ఇప్పటికీ కోపం ఆగడం లేదు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. డపాగ్లిఫ్లోజిన్ లాంటి, షుగర్‌ను మూత్రంలో బయటికి పంపే మాత్రలు వాడేవాళ్లది మరో సమస్య. వాళ్లు అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగి కీటోఅసిడోసిస్‌కు, అంటే రక్తం ఆమ్లంగా మారే ప్రాణాపాయ స్థితికి దారితీయవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే రీడింగ్ బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

ఆహారంతో షుగర్ తగ్గదని నేను అనడం లేదు, తగ్గుతుంది. బ్రిటన్‌లో చేసిన డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. బాగా తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించిన బృందంలో ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. కానీ అందులో చేర్చుకున్నది షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లనే, ఇన్సులిన్ వాడనివాళ్లనే. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపించి, వైద్య సిబ్బంది పర్యవేక్షణలో నడిపారు. ప్రకటనల్లో ‘రివర్స్’ అన్న ముక్క ఒక్కటే తీసుకుని, ఈ జాగ్రత్తలన్నీ వదిలేస్తున్నారు.

ఇక ఆ పొడి సంగతి. డబ్బా ముందువైపు ‘నో యాడెడ్ షుగర్’ అని పెద్ద అక్షరాలు. వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల పట్టిక చూస్తే మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి పదార్థం నుంచి తీసే ఒక పొడి. లేబుల్ మీద పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి రాయాలన్నది నిబంధన. అంటే అన్నిటికంటే ఎక్కువ ఉన్నది అదే. అది రక్తంలో షుగర్‌ను దాదాపు గ్లూకోజ్ లాగే చకచకా పెంచుతుంది. ఇడ్లీ మాన్పించి ఇది తాగించారు!

షుగర్‌ను, ఊబకాయాన్ని నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. ఆహార పదార్థం పేరుతో అమ్మినా జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. కాబట్టి ‘గ్యారంటీ’ అన్న ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

డబ్బు వెనక్కి అడిగితే, ప్లాన్ మధ్యలో ఆపేశారు కాబట్టి రిఫండ్ లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం, ఇంకా తేలలేదు. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలాంటిది కొని ఉంటే ముందు మీ మాత్రల చీటీ, ఆ డైట్ చార్టు రెండూ పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఫిర్యాదు చేసేవాళ్లు పేమెంట్ రసీదు, లేబుల్ ఫోటో, చాట్ మొత్తం ముందే దాచుకోండి. ‘మాత్రలు మానేయండి’ అన్న మెసేజ్‌ను మా కోచ్ ఆ రాత్రే డిలీట్ చేశారు.