సంక్రాంతి సెలవుల్లో గుల్‌మార్గ్: పిల్లలతో తొలి స్కీయింగ్

సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు పిల్లలతో స్కీయింగ్ (కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు బిగించుకుని మంచుపై జారడం) నేర్చుకోవడానికి కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్లాము. డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే చిల్లై కలాన్, అంటే కశ్మీరీలు చలి అత్యంత తీవ్రంగా ఉండే రోజులుగా లెక్కించే కాలం, మా సెలవులతో సరిగ్గా కలిసివచ్చింది. శ్రీనగర్ నుంచి దూరం సుమారు 50 కిలోమీటర్లే అయినా, మంచు బాగా కురవడంతో తంగ్‌మార్గ్ దగ్గర చక్రాలకు గొలుసులు బిగించిన వాహనంలోకి మారవలసి వచ్చింది కనుక, చేరిన రోజున మరే కార్యక్రమమూ పెట్టుకోకపోవడం మంచిది.

సుమారు 2,650 మీటర్ల ఎత్తున, ఊరి చుట్టూ ఉన్న మెల్లని వాలులే పిల్లలకు సరైన బడి. మా శిక్షకుడు మొదటి గంటంతా పడటం, లేవడం, స్కీల ముందు కొనలను దగ్గరకు చేర్చి ఆగడం మాత్రమే నేర్పారు. ఆ ఓపిక నాకెంతో నచ్చింది. అయితే ఒక అద్దె దుకాణంలో మా చిన్నమ్మాయికి వదులు బూట్లు ఇచ్చి, సరిపోతాయన్నారు. బూటులో మడమ కదిలితే స్కీ అదుపులో ఉండదు కాబట్టి, మార్చి ఇచ్చేదాకా అక్కడినుంచి కదలవద్దు.

గొండోలా, అంటే కొండపైకి తీసుకెళ్లే కేబుల్ కారు, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మొదటి దశలో కొంగ్‌డోరి వరకు వెళ్తే కుటుంబానికి చాలు. రెండో దశలో చేరే అఫర్వత్ కొండ వాలులు ఆరితేరినవారివి.