గోడ అప్పగించవచ్చు, బొమ్మ వీపు మాత్రం కాదు: నల్లగొండలో ఒక పటాల దుకాణం పనితనం

మా నాన్నగారు పాత నల్లగొండ జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన వేసిన నీటిరంగుల చిత్రాలు ఏడు, బొగ్గుతో గీసిన చిత్రం ఒకటి, మిత్రుడొకరు ఆయనను ఎదుట కూర్చోబెట్టుకుని వేసిన తైలవర్ణ చిత్రం ఒకటి, ఇవికాక చేర్యాల నకాషీ పటం (గుడ్డ మీద వేసే సంప్రదాయ చిత్రం) ఒకటి, పుట్టపాకలో నేసిన తేలియా రుమాలు (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ గుడ్డ) ఒకటి, మొత్తం పదకొండింటిని ఇంటి ముందరి గదిలో పద్ధతిగా వేలాడదీయించాలని ఈ ఏడాది నిశ్చయించుకుని, పట్టణంలోని ఒక ఫ్రేముల దుకాణానికి పని అప్పగించాను. పటం కట్టడంతో ఆగకుండా ఇంటికి వచ్చి గోడకు బిగించి వెళ్ళే దుకాణం నాకు తెలిసినంతలో అదొక్కటే. చెప్పవలసిన వాటిలో మెచ్చుకోలూ ఫిర్యాదూ రెండూ ఉన్నందున పేరు రాయడం లేదు.

ముందుగా గోడ పని. ఆ గదిలో మూడు గోడలు ఇటుకవి, నాలుగవది మా తాతగారి కాలపు రాతి గోడ, దాని మీద సున్నపు పూత. ఇలాంటి గోడకు మేకు కొడితే పైపూత పెళ్ళలుగా ఊడుతుంది, డ్రిల్లింగ్ మిషన్ పెడితే లోపల రాయి తగిలి రంధ్రం పక్కకు జారుతుంది. దుకాణం పంపిన కుర్రవాడు వేలితో గోడను నాలుగు చోట్ల తట్టి చూసి, "ఇండ్ల మేకు నిలవది సార్, పొడే రాల్తది, పైన చెక్క పట్టీ కొడ్దాం" అన్నాడు. పైకప్పుకు జానెడు కింద, రాళ్ళ సందులు కాక రాయి గట్టిగా దొరికిన చోట్లు వెతికి ఆరు మరలతో ఒక టేకు పట్టీ బిగించి, దానికి కొక్కేలు తగిలించి సన్నటి స్టీలు తీగలతో పటాలను కిందికి దింపాడు. బొమ్మలు తరచూ మార్చే మ్యూజియంలలోనూ ఇదే పద్ధతి వాడుకలో ఉంది. పటం మారిన ప్రతిసారీ గోడకు కొత్త రంధ్రం పడదు, తీగను పైకీ కిందికీ, కొక్కేన్ని పక్కలకూ జరుపుకుంటే చాలు. అతనికి ఈ సంగతి పుస్తకాల ద్వారా తెలిసి ఉంటుందని అనుకోను. పాత ఇళ్ళ గోడలతో పడిన పాట్లే నేర్పి ఉంటాయి.

ఇటుక గోడలకు, మరలు పట్టు జారకుండా రంధ్రంలో దూర్చే 8 మిల్లీమీటర్ల ప్లగ్గులు వేశాడు. తైలవర్ణ చిత్రం చట్రంతో కలిపి తొమ్మిది కిలోలు తూగింది. దానికి తీగ వద్దని అతనే చెప్పి, చట్రం వెనుక పైనుంచి మూడో వంతు దూరంలో అటొకటి ఇటొకటి డీ రింగులు (ఇంగ్లీషు D ఆకారపు లోహపు కడియాలు) బిగించి, గోడకు రెండు కొక్కేలు పెట్టి, రసమట్టంతో సరిచూసి తగిలించాడు. రెండు చోట్ల ఆనిన పటం తలుపు వేసిన ప్రతిసారీ ఒక పక్కకు ఒరగదు. కింది రెండు మూలలకు రబ్బరు బిళ్ళలు కూడా అంటించాడు. వాటివల్ల పటానికీ గోడకూ మధ్య గాలి ఆడి వానాకాలపు చెమ్మ వెనుక నిలవదు.

చిన్న పటాల దగ్గర మాత్రం అతనితో కొంత వాదించవలసి వచ్చింది. వెనుక తీగను బట్టలారేసే తాడులా బిగించి కట్టాడు. బిగుతుగా ఉంటే భద్రమని అందరికీ ఉన్న నమ్మకమే ఇది, కాని లెక్క ఇందుకు విరుద్ధంగా ఉంది. మేకు దగ్గర పైకి లేచిన తీగ రెండు పాయలూ అడ్డగీతతో 30 డిగ్రీల కోణం చేస్తే, ఒక్కొక్క పాయ మీద పటం మొత్తం బరువుకు సమానమైన లాగుడు పడుతుంది. కోణం 60 డిగ్రీలుంటే అది బరువులో సుమారు 58 శాతానికి తగ్గుతుంది. 10 డిగ్రీలకు పడిపోతే బరువుకు దాదాపు మూడింతలవుతుంది. అంటే రెండు కిలోల పటానికి కట్టిన బిగుతు తీగ చట్రం కర్రలను దాదాపు ఆరు కిలోల బలంతో లోపలికి లాగుతూ ఉంటుంది. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే కుర్రవాడు మారు మాట్లాడకుండా ఏడింటికీ తీగలు వదులు చేశాడు. వినే గుణం ఉన్న పనివాడు.

ఎత్తు విషయంలో వాదన ఇంట్లోవాళ్ళతోనే జరిగింది. మన ఇళ్ళలో పటాలు ద్వారబంధం మీద, పైకప్పుకు దగ్గరగా, ముందుకు వంగి ఉంటాయి. పిల్లలకు అందవు, పిచ్చుకలు వెనుక గూళ్ళు కట్టుకుంటాయి, బొమ్మ మాత్రం ఎవరికీ సరిగా కనబడదు. బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో, అంటే నిలబడిన మనిషి చూపుకు తిన్నగా ఉండాలన్నది మ్యూజియంల ఆనవాయితీ. మేకు ఎక్కడ కొట్టాలో తెలుసుకోవడానికి 57కు పటం ఎత్తులో సగం కలిపి, లాగి పట్టిన తీగకూ పటం పై అంచుకూ మధ్య ఉన్న దూరాన్ని తీసివేయాలి. 30 అంగుళాల పటానికి ఆ దూరం 4 అంగుళాలైతే మేకు 68 అంగుళాల దగ్గర పడుతుంది. ఈ లెక్క అందుకున్నాక కుర్రవాడు నాకంటే వేగంగా గుర్తులు పెట్టాడు. "దేవుని పటాలు కావు కద సార్, కిందికున్నా ఫరవాలేదు" అని మా ఇంటావిడకు వినబడేలా అన్నాడు కూడా.

రవాణా సంగతి మధ్యస్థం. ట్రాలీ ఆటోలో పటాలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, అద్దానికి అద్దం, వీపుకు వీపు ఎదురెదురుగా ఉంచి, నడుమ అట్టలు పెట్టి తెచ్చారు. ఇది సరైన పద్ధతి. దింపేటప్పుడు మాత్రం ఒకతను పై కర్ర పట్టుకుని పటాన్ని ఎత్తబోయాడు. అలా ఎత్తితే బరువంతా మూలల అతుకుల మీద పడి అవి విడిపోతాయి కనుక ఒక చేయి కింద, ఒక చేయి పక్కన ఉంచి, ఒకసారికి ఒక్కటే మోయాలి. వాళ్ళు తెల్లటి నూలు చేతితొడుగులు వేసుకుని రావడం చూడముచ్చటగానే ఉంది, కాని వార్నిష్ వేసిన కర్ర మీద నూలు జారుతుంది. నేను తొడుగులు తీసివేయించి, చేతులు కడిగి పొడిగా తుడుచుకొమ్మన్నాను. మెడికల్ షాపులో దొరికే నైట్రైల్ తొడుగులైతే ఇంకా మేలు.

ఇక ఫిర్యాదు. గోడ ముందు ఇంత నేర్పున్న దుకాణం, పటం వెనుక వైపు పనిలో పాత అలవాట్లు వదలలేదు. కాగితానికి ఆనించి హార్డ్‌బోర్డు పెట్టడం, బొమ్మను రెండువైపులా జిగురుండే టేపుతో అతికించడం వారి మామూలు పద్ధతి. చెక్కపొట్టుతో చేసిన ఆ అట్టలోని ఆమ్లం కొన్నేళ్ళలో కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పెళుసుగా మారుస్తుంది. టేపు జిగురు కాగితంలోకి దిగి మరక కడుతుంది. చాలా ఏళ్ళ క్రితం వేరొక దుకాణం నాన్నగారి చిత్రమొకదాన్ని తెల్ల జిగురుతో అట్టకు పూర్తిగా అతికించింది, అది ఈనాటికీ ఊడదీయరాకుండా ఉంది. ఆ అనుభవం వల్లనే ఈసారి పక్కన కూర్చున్నాను. ఆమ్లం లేని అట్ట కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించడానికి పది రోజులు తీసుకున్నారు. అతుకు కోసం సన్నని జపాను కాగితపు ముక్కలు, గోధుమపిండి జిగురు నేనే సమకూర్చుకుని, పై అంచున రెండు చోట్ల మాత్రం అంటించాను. అద్దం బొమ్మకు తగలకుండా నడుమ మౌంటు అట్ట (బొమ్మ చుట్టూ అంచులా ఉండే కిటికీ కోసిన అట్ట) ఉండాలన్నది మాత్రం వారికి తెలుసు.

బొగ్గు చిత్రానికి అద్దం బదులు అక్రిలిక్ షీటు వేస్తామన్నారు. బరువులో అది అద్దానికి సగం కన్న తక్కువ, సులువుగా పగలదు, పెద్ద పటాలకు మంచిదే. కాని తుడిచినప్పుడు దానిలో పుట్టే స్థిర విద్యుత్తు కాగితం మీది బొగ్గు పొడిని లాక్కుంటుంది. ఆ ఒక్కదానికి అద్దమే వేయించాను. చేర్యాల పటాన్ని తడిగుడ్డతో తుడవబోతుండగా ఆపవలసి వచ్చింది. గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూసిన ఖాదీ గుడ్డ మీద జిగురు కలిపిన రంగులవి, తడి తగిలితే లేచిపోతాయి. తేలియా రుమాలును ప్లైవుడ్‌కు స్టేపుల్ పిన్నులు కొట్టి బిగిస్తామన్నప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. దానికి మా అక్క నూలు పట్టీకి వెల్క్రో కుట్టి, ఆ పట్టీని రుమాలు పై అంచు వెనుక చేతికుట్టుతో కలిపింది. వెల్క్రో రెండో సగాన్ని చెక్క కడ్డీకి కొట్టి తగిలించాం. బరువు అంచు పొడవునా సమంగా పడుతుంది.

విశాలంగా ఉందని పడమటి గోడను వాళ్ళు సూచించారు. మే నెల సాయంత్రం ఆ గోడ మీద చేయి పెట్టలేము. పైగా కిటికీ ఎండ సూటిగా పడుతుంది. నీటిరంగులకూ బట్టలకూ 50 లక్సుల (లక్సు వెలుతురు కొలత) వెలుతురు, తైలవర్ణాలకు 200 దాకా సరిపోతుందని మ్యూజియంలు పాటించే లెక్క. వెలిసిన రంగు మళ్ళీ రాదు. అందుకే నీటిరంగులూ రుమాలూ లోపలి గోడకు చేరాయి.

బిగింపుకు పటానికి 150 రూపాయలు, టేకు పట్టీకి వేరుగా తీసుకున్నారు. చేసిన పనికి ఇది న్యాయమైన ధరే. నా సలహా అడిగేవారికి, గోడ పనికి ఈ కుర్రవాణ్ణి పేరుపెట్టి అడగమనీ, కాగితం బొమ్మలైతే వెనుక అట్ట ఏది వేస్తున్నారో కళ్ళారా చూశాకే మూయించమనీ చెబుతున్నాను. వానలు వెలిశాక రాతి గోడ పట్టీ మరలు ఒకసారి బిగించి వెళ్తానని మాట ఇచ్చాడు. దసరా దాటి మూడు వారాలయింది, ఫోను చేస్తే "రేపొస్త సార్" అంటున్నాడు.