ఐదు వాట్ల రిగ్: హనుమకొండ మిద్దె మీద మూడేళ్ల వాడకం తర్వాత

2022 చివర్లో మిద్దె ఎక్కిన హామ్ రేడియో సెట్టు ఇది, అంటే సరదాకు దూరాలతో మాట్లాడుకునే రిగ్. ఇప్పటికీ రోజూ నడుస్తోంది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ సర్క్యూట్ బాటలో చేత్తో కట్టింది. 40, 20 మీటర్ల తరంగాల బ్యాండ్లు (7, 14 మెగాహెర్ట్జ్), చివర్న పవర్ ఇచ్చే ట్రాన్సిస్టర్ ఒకే ఒక ఐఆర్‌ఎఫ్510, 13 వోల్టుల మీద 5 వాట్లు. మార్కులు ముందే చెప్పేస్తే రిగ్‌కు పదికి ఆరు, యాంటెన్నాకు ఎనిమిది. అసలు పని మాత్రం గడియారానిది, అంటే ఏ వేళకు పిలుస్తామన్నది.

100 వాట్ల నుంచి 5 వాట్లకు దిగితే పోయేది 13 డీబీ (డెసిబెల్), అంటే సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద రెండు గీతల పైచిలుకు. పెద్ద రిగ్‌ను ఎస్7గా విన్నవాళ్లకు ఇది ఎస్5 కంటే కొంచెం కింద వినబడుతుంది. అవతల గోల (రేడియోలో వినబడే రొద) ఎస్3 ఉంటే హాయిగా మాట్లాడుకోవచ్చు, ఎస్6 ఉంటే మన సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) గాలికి పోయినట్టే.

రిగ్‌లో ఏజీసీ, అంటే శబ్దాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు, లేదు. ఊళ్లోని స్టేషన్ పలికితే చెవులు గింగురుమంటాయి. హెడ్‌ఫోన్ లైనుకు అడ్డంగా రెండు 1ఎన్4148 డయోడ్లు ఎదురెదురుగా వేస్తే ఆ దెబ్బ తగ్గుతుంది. ఐఆర్‌ఎఫ్510 వెనక రేకు డ్రెయిన్‌కే కలిసి ఉంటుంది కాబట్టి హీట్‌సింక్‌కూ దానికీ మధ్య అభ్రకం ముక్క తప్పనిసరి, బోల్టుకు ప్లాస్టిక్ బుష్ కూడా. బయాస్ (సిగ్నల్ లేనప్పుడూ ట్రాన్సిస్టర్‌లో పారే కరెంటు) సెట్ చేసేది చలికాలం ఉదయం అయితే 100 మిల్లీఆంపియర్లు పెట్టకండి. వేడెక్కేకొద్దీ ఆ కరెంటు తనంతట తానే పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం, అందులోనూ కంప్యూటర్‌తో పంపుకునే ఎఫ్‌టీ8 పద్ధతిలో 15 సెకన్లు పంపుడు 15 సెకన్లు వినుడు అంటే ట్రాన్సిస్టర్ ఉడికిపోతుంది. 80 దగ్గర ఆపి, హీట్‌సింక్ రెట్టింపు సైజుది వేయడం మేలు. సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా ఆసిలేటర్ (ఫ్రీక్వెన్సీ పుట్టించే భాగం) మీద పడనీయొద్దు. దాని క్రిస్టల్ 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) జరిగినా 14 మెగాహెర్ట్జ్ దగ్గర అది 70 హెర్ట్జ్. మాటకు పర్వాలేదు గానీ అతి బలహీన సిగ్నళ్ల విస్పర్ పద్ధతికి పనికిరాదు.

బ్యాటరీ గురించి అనవసరంగా బెంగపడతారు. 13.2 నుంచి 11.6 వోల్టులకు పడితే 5 వాట్లు 3.9 అవుతాయి, తేడా దాదాపు ఒక డీబీ. అవతలివాడికి తెలియనే తెలియదు.

డబ్బు, ఓపిక పెట్టాల్సింది వైరు మీద. ఒక చివర నుంచే ఫీడ్ చేసే అర్ధతరంగ వైరు వాడుతున్నది. 21 మీటర్ల నుంచి మొదలుపెట్టి కోసుకుంటూ వస్తే పీవీసీ తొడుగున్న వైరు 20 మీటర్ల చుట్టుపక్కల కుదిరింది. 10 సెంటీమీటర్లు కోస్తే 40 మీటర్ల బ్యాండులో రెజొనెన్స్ (వైరు బాగా పలికే ఫ్రీక్వెన్సీ) సుమారు 35 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. రిగ్‌కూ వైరుకూ పొత్తు కుదిర్చే 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎఫ్‌టీ140-43 కోరు, ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14, ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్ 1 కేవీ కెపాసిటర్. కౌంటర్‌పాయిజ్ అనే తోడు వైరు 2 మీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన డబ్బాకు అడుగున చిన్న బెజ్జం లేకపోతే వానాకాలంలో నీళ్లు లోపలే నిలుస్తాయి. రిగ్ నుంచి యాంటెన్నాకు కోక్స్ కేబుల్ 20 మీటర్లు కావాలంటే సన్నటి ఆర్‌జీ-174 వద్దు. 20 మీటర్ల బ్యాండులో దాదాపు సగం పవర్ అందులోనే కరిగిపోతుంది. ఆర్‌జీ-58లో పోయేది ఒక డీబీ పైచిలుకు.

కోతుల సంగతి చెప్పకుండా ఈ జిల్లాల్లో యాంటెన్నా సమీక్ష పూర్తికాదు. వైరును అవి ఊయల చేసుకుంటాయి. దూరపు కొసను వేపచెట్టుకు నైలాన్ తాడుతో బిగిస్తే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాయే ఊడి వస్తుంది. మధ్యలో మూరెడు పురికొస వేస్తే ముందు అదే తెగుతుంది, వైరు మిగులుతుంది. ఎండకు చివికిపోతుంది కాబట్టి ఏటా మార్చాలి.

గోల పట్టుకోవడానికి రిగ్‌ను బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపి వినాలి, తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటి వేయాలి. చవక ఎల్‌ఈడీ బల్బులు, సెల్ చార్జర్లు, పక్కింటి సోలార్ ఇన్వర్టర్ మొదటి అనుమానితులు. ఎండాకాలం చిటపటలాడి మొదటి వానతో తగ్గిపోయే శబ్దం అయితే అది 11 కేవీ లైను ఇన్సులేటర్లదీ వదులైన బోల్టులదీ. ఇంట్లో వెతికి లాభం లేదు.

ఇక గడియారం. పాశ్చాత్య పుస్తకాల్లోని బ్యాండ్ల పట్టికలు మన 18 డిగ్రీల అక్షాంశానికి నేరుగా అతకవు. 40 మీటర్లలో ఉదయం 7 నుంచి 9:30 దాకా హైదరాబాద్, విజయవాడ, చెన్నై, బెంగళూరు 5 వాట్లకే అందుతాయి. 11 తర్వాత అయనోస్ఫియర్‌లోని (పై వాతావరణంలోని) డీ పొర సిగ్నల్‌ను మింగేస్తుంది, మధ్యాహ్నం 3 వరకు మౌనం. మళ్లీ 4 నుంచి పొద్దుగూకే దాకా మంచి సమయం. తెల్లవారుజామున, సిగ్నల్‌ను కిందికి వంచే ఎఫ్2 పొర పలచబడితే 140 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ మాయమై, వేల కిలోమీటర్లవి వస్తుంటాయి. రిగ్ చెడిపోయిందని విప్పకండి.

20 మీటర్లలో ఉదయం తూర్పు ఆసియా, సాయంత్రం గల్ఫ్, యూరప్. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ రాత్రి 7:30 నుంచి 10 మధ్య మాత్రం ఒక వింత జరుగుతుంది. సిగ్నల్ బలంగానే ఉంటుంది, కానీ వణుకుతుంది, ఎఫ్‌టీ8 డీకోడ్ కాదు. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర ఉన్న మనకు సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్‌లో లేచే బుడగలు దీనికి కారణం. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ పరిశీలించే విషయాల్లో ఇదీ ఒకటి. సౌరచక్రం 25 (సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే ఆవృత్తం) ఉచ్ఛస్థితికి వచ్చిన 2024లో ఇది మరీ ఎక్కువ. ఆ వేళ నిమిషానికి 12 పదాల మోర్స్ చెవికి అందుతుంది, కంప్యూటర్‌కు అందదు.

పగటిపూట బ్యాండు ఒక్కసారిగా చచ్చిపోతే సౌరజ్వాల అనుకోండి. 40 మీటర్ల బ్యాండు ముందు పోతుంది, సాధారణంగా గంటలోపు తిరిగొస్తుంది. భూ అయస్కాంత అలజడిని చూపే కే సూచీ 5 దాటితే అది వేరే జబ్బు, ఒకటి రెండు రోజులు ఉంటుంది. ముందు పోయేది ధ్రువం మీదుగా వెళ్లే అమెరికా దారి.

ఇంత తక్కువ పవర్‌తో సీక్యూ కొట్టడం కంటే, కొడుతున్నవాళ్లకు జవాబివ్వడం లాభం. అక్టోబర్, నవంబర్ చివరి వారాంతాల్లో జరిగే సీక్యూ వరల్డ్‌వైడ్ పోటీల్లో ఆదివారం మధ్యాహ్నానికి పెద్ద స్టేషన్లకు కొత్త కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు) దొరక్క కరువు పడతాయి. శనివారం ఐదుసార్లు పిలిచినా పలకనివాళ్లు అప్పుడు మొదటి పిలుపుకే పలుకుతారు.