అరువు కారు: మద్రాసు పద్ధతి మేలా, టొగ్లియాట్టి పద్ధతి మేలా?

ఫియట్ 124 కారు 1967లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైంది. పదేళ్ల తర్వాత, 1977లో, అదే గౌరవం బ్రిటన్‌కు చెందిన రోవర్ ఎస్‌డీ1కి దక్కింది. మొదటిదాన్ని సోవియట్ యూనియన్ తెచ్చుకుని టొగ్లియాట్టి ఊళ్లో తయారుచేసింది. రెండోదాన్ని మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ తెచ్చుకుని స్టాండర్డ్ 2000 పేరుతో అమ్మింది. రెండూ దొంగచాటు నకళ్లు కావు, ఒప్పందం చేసుకుని తెచ్చుకున్నవే. విచిత్రమేమిటంటే ఇద్దరూ చేసిన ముఖ్యమైన మార్పులు కాగితం మీద ఒకటే: కారు ఎత్తు పెంచారు, ఇంజన్ మార్చారు. ఫలితాలు మాత్రం ఉత్తర దక్షిణాలు.

రోవర్ అందమంతా దాని వాలులో ఉంది. నేలకు దగ్గరగా పొడవాటి బానెట్, వెనక్కి జారిపోయే కప్పు. బ్రిటన్‌లో ఆ బానెట్ కింద మూడున్నర లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉండేది, కాస్త తక్కువ రకాల్లో ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది. 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000లో ఆ చోట కూర్చున్నది నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల ఇంజన్, అదీ వాన్‌గార్డ్ అనే పాత స్టాండర్డ్ కారు కాలపుది. దాని మూలాలు 1940ల నాటివి. మన రోడ్లకు తట్టుకోవాలని కారును పైకి లేపేసరికి ఆ వాలూ పోయింది. చూపులకు పెద్ద దొర బండి, ఎక్కి యాక్సిలరేటర్ తొక్కితే ఆయాసం. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. పైగా బ్రిటన్‌లో అసలు ఎస్‌డీ1 తయారీయే 1986లో ఆగిపోయింది. 1988 కల్లా మద్రాసులోనూ కథ ముగిసింది, కంపెనీ కార్లు చేయడమే మానుకుంది. నాకు తోచేదేమిటంటే, కొనేవాడి కంటికి కనబడే రేకు కోసం ఖర్చు పెట్టి, కనబడని ఇంజన్ దగ్గర ఇంట్లో ఉన్నదానితో సర్దుకున్నారు.

ఇక టొగ్లియాట్టి. వోల్గా ఒడ్డున ఉన్న ఈ ఊరికి ఇటలీ కమ్యూనిస్టు నాయకుడి పేరు పెట్టారు. ఇటలీ కంపెనీ ఫియట్‌తోనే ఒప్పందం 1966లో కుదిరింది. రష్యన్లు ముందు ఫియట్ కార్లను తమ రాళ్ల దారుల్లో తోలి చూశారు. బాడీ బీటలు వారింది, వెనక డిస్క్ బ్రేకులు బురదకు త్వరగా అరిగిపోయాయి. బాడీని గట్టిపరిచారు, వెనక డ్రమ్ బ్రేకులు పెట్టారు. మొత్తం 800కు పైగా మార్పులు. ఇంజన్ విషయంలో మాత్రం వెనక్కి పోలేదు. ఫియట్‌లో క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులను తెరిపించే కడ్డీ) కింద ఉంటే, వీరి ఇంజన్‌లో పైకి చేరింది, అంటే ఇంకాస్త కొత్త పద్ధతే. చలికి బ్యాటరీ చచ్చిపోతే చేత్తో తిప్పి స్టార్ట్ చేసుకోవడానికి ముందు భాగంలో హ్యాండిల్‌కు దారి కూడా వదిలారు. 1970లో జిగులి పేరుతో మొదలైన ఈ కారు, బయటి దేశాల్లో లాడా పేరుతోనూ తిరిగింది.

ఇంత గొప్ప పని చేసినవాళ్లు ఆ తర్వాత అక్కడే కూర్చున్నారు. అదే మూస కార్లు పైపై మార్పులతో 2012 దాకా వచ్చాయి.

మూడో దారి మనకు బాగా తెలిసినదే. 1970లో ఏటా 50 వేల కార్లకు అనుమతి పొందిన సంజయ్ గాంధీ సొంత మారుతి, జనానికి కార్లు అమ్మే దశకు చేరకుండానే మూతపడింది. ప్రభుత్వం దాన్ని తీసుకుని 1982లో సుజుకీతో జత కట్టింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు కొన్నవారి చేతికి వచ్చాయి. ఇక్కడ తెలివి ఏమిటంటే, మొదట దాదాపు ఏమీ మార్చలేదు. విడిభాగాలు జపాన్ నుంచి తెచ్చి బిగించారు, తర్వాత ఒక్కొక్కటే ఇక్కడ చేయించడం నేర్చుకున్నారు. సుజుకీ తన డబ్బు కూడా పెట్టింది కాబట్టి, బండి చెడితే దానికీ నష్టమే.

నన్నడిగితే, ముందు పరీక్షించి చూసుకునే ఓపిక, ఖజానా ఉంటే టొగ్లియాట్టి దారి. అవి లేకపోతే మారుతి దారి. స్టాండర్డ్ 2000 బానెట్ పొడవు చూసి ఇప్పటికీ ముచ్చట పడేవాళ్లున్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. మూసి ఉన్నంతసేపూ బాగుంటుంది.