పాత ఇంటి గోడకు సున్నం ప్లాస్టరింగ్: గుంటూరులో కొన్నేళ్ల వాడకం తర్వాత

సున్నంతో కట్టిన పాత ఇటుక గోడ అడుగున చెమ్మెక్కి పెచ్చులూడుతుంటే, మేస్త్రీలు ముందు చెప్పే మందు సిమెంటే. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ చెమ్మ సిమెంటు పై అంచు దాటుకుని ఇంకా ఎత్తున తేలుతుంది. ఈ ఇళ్ల పునాదుల్లో చెమ్మనాపే పొర ఉండదు. నేలలోంచి ఎక్కిన తడి గోడ మీంచే ఆరాలి. ఆ దారి మూస్తే పైకి పాకుతుంది. అది మోసుకొచ్చిన ఉప్పు సిమెంటు వెనక గడ్డకట్టి, పెచ్చుతో పాటు ఇటుక ముఖాన్నీ లాక్కొస్తుంది.

మా గోడలకు సిమెంటు తీయించి సున్నం వేయించాం. పని బాగానే నిలిచింది, కానీ తొందరున్నవాళ్లకు పనికిరాదు.

పాత సిమెంటును ఉలీ సుత్తితోనే తీయించండి. బ్రేకర్ మిషను పెడితే పాత ఇటుక పగిలిపోతుంది. ఇటుకల మధ్య కీళ్లు ముప్పావు అంగుళం లోతు గీకించి, గోడను ఒక ఎండాకాలమంతా అలాగే వదిలేయాలి. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో రాల్చి బయట పారబోయాలి. కడిగితే మళ్లీ లోపలికే ఇంకుతుంది.

పిడుగురాళ్ల బట్టీల సున్నం మనకు దగ్గరే. రాయి సున్నాన్ని నీళ్లలోకి వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు. కుతకుతలాడి చిమ్ముతుంది కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. కనీసం రెండు వారాలు నాననిచ్చి జల్లెడ పట్టాలి. నానని పలుకు మిగిలితే పూత ఆరాక అక్కడ ఉబ్బి గుంట పడుతుంది. మామూలు గోడకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఏటి ఇసుక. చెమ్మ గోడ అడుగుకు ఒక పాలు సున్నం, ఒక పాలు మెత్తటి ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక. ఇందులో కరక్కాయ, బెల్లం నీళ్లు కలపడం మేస్త్రీ అలవాటును బట్టి ఉంటుంది. బెల్లం మితిమీరితే పూత గట్టిపడదు, చీమలూ పడతాయి.

పూత మందం 12 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండో పూతకు కనీసం వారం ఆగాలి. అసలు పని చెడేది ఆరబెట్టడంలోనే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకు తడి ఉండాలి. మన మే నెల వడగాలికి ఒక్క పూటలో ఎండిపోయి వెంట్రుక పగుళ్లిచ్చి, చేత్తో రాస్తే పొడి రాలుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా చేయించి, తడి గోనెపట్టాలు వేలాడదీయండి.

లోపాలూ ఉన్నాయి. వెల్లగోడకు ఆనుకుంటే చొక్కాకు అంటుతుంది. మేకు నిలవదు, బరువు తగిలించాలంటే ఇటుకలోకి కొయ్య దిగ్గొట్టాలి. స్విచ్ బోర్డు పెట్టెల చుట్టూ ఎలక్ట్రీషియన్లు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కూరతారు, అది చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. అక్కడా ఇటుక పొడి కలిపిన సున్నమే పెట్టించాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేశారా, మళ్లీ సిమెంటు కథే.

సున్నం వేస్తే ఏసీ అక్కర్లేదన్న ప్రచారం నమ్మొద్దు. చల్లదనం గోడ మందంది, మండువా గాలిది. చెమ్మను కూడా సున్నం ఆపదు, ఆరనిస్తుంది అంతే. వేసినప్పుడల్లా ఎత్తు పెరిగే రోడ్డు నుంచి నీళ్లు గుమ్మంలోకి రాకుండా చూసుకోవడం, చూరు నీళ్లను గొట్టంతో కాలువలోకి పంపడం వేరే పనులు. నల్లరేగడి మీది ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. వెడల్పవుతున్న పగులుంటే ప్లాస్టరింగ్ కన్నా ముందు ఇంజనీరుకు చూపించాలి.

మిగిలిన సున్నం ముద్దను పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిపి, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో దాచండి. ఏళ్లయినా చెడదు, సంక్రాంతికి ముందు చిన్న పెచ్చులు పూడ్చుకోవడానికి అది చాలు.