ప్లేజరిజం (ఇతరుల రాతల కాపీ) తగ్గిస్తామనే షాపులతో జాగ్రత్త (పీహెచ్‌డీ వాళ్లు తప్పక చదవండి)

యూనివర్సిటీ గేటు ముందు థీసిస్ బైండింగ్ షాపులు అందరికీ తెలిసినవే. 'ప్లేజరిజం 10 శాతం లోపు, గ్యారంటీ' అని బోర్డు పెట్టిన షాపులో నా రెండో చాప్టర్ ఇచ్చాను. స్పెల్లింగులు, ఫార్మాటింగ్ సరిచేసి సిమిలారిటీ రిపోర్టు (ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తుందో చూపేది) తీసివ్వమన్నాను, అంతే. 6 వేలు తీసుకుని, 7 శాతం అని రిపోర్టు చేతిలో పెట్టారు.

నిన్న మా గైడ్ గారు పిలిచి ఒక పేజీ చూపించారు. నేను బ్రెస్ట్ క్యాన్సర్ అని రాసిన చోటల్లా 'బూజమ్ పెరిల్' అని ఉంది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్' అయిపోయింది. ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటకు మాట మార్చేశారు. 2021లో ఫ్రాన్స్ కంప్యూటర్ సైంటిస్ట్ గియోమ్ కబనాక్ బృందం 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరుపెట్టి బయటపెట్టింది ఇలాంటి వాటినే. అంతకంటే ఘోరం, నేను కొటేషన్లలో పెట్టి రచయిత పేరు ఇచ్చిన వాక్యాలకు కొటేషన్లు పీకేశారు, పేర్లు తీసేశారు. ఎవరిదో చెప్పి వాడుకున్నది కాస్తా కొట్టేసినదైంది. "ఇది నువ్వే రాశావామ్మా?" అని సార్ అడిగితే నోట మాట రాలేదు.

షాపుకెళ్లి నిలదీస్తే ఆ మనిషి ఫోన్‌లోంచి తలెత్తలేదు. "పర్సెంటేజీ తగ్గింది కదా మేడం. థీసిస్ మీది, సంతకం మీది. మాకేం సంబంధం?" అన్నాడు. పక్కనే ఇంకో అబ్బాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది చూసి నా కడుపు రగిలిపోయింది.

2018 యూజీసీ రూల్స్ ప్రకారం, థీసిస్ కాపీ కాదు, మా సొంతమే అనే హామీపత్రం మీద సంతకం పెట్టేది మనమే. గైడ్ కూడా సర్టిఫికెట్ ఇవ్వాలి, అంటే సార్ పరువూ పోయేది. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే 6 నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది దాకా ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ టెన్షన్‌నే వీళ్లు అమ్ముకుంటున్నారు. నిజానికి పేరు చెప్పి ఇచ్చిన కొటేషన్లు, రిఫరెన్సుల జాబితా ఆ లెక్కలోకే రావు. మాటలు మార్చి అంకె తగ్గించినంత మాత్రాన ఇంకొకరి ఆలోచన మనదైపోదు.

చెకింగ్ మీ లైబ్రరీలోనే అడగండి. శోధ్‌శుద్ధి అనే పథకం కింద 2019 నుంచి యూజీసీ వాళ్ల ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం యూనివర్సిటీలకు ప్లేజరిజం చెక్ చేసే సాఫ్ట్‌వేర్ ఇస్తోంది. బైండింగ్‌కి పీడీఎఫ్ ఇవ్వండి, వర్డ్ ఫైల్ వద్దు. పాత డ్రాఫ్టులు తేదీలతో దాచుకోండి. నా మెయిల్‌లో పాత ఫైల్ ఉండబట్టే సార్ నా మాట నమ్మారు.